సాక్ష్యానికి నిలబడ్డ ముందుపన్ను

గుట్టకిందపల్లెలో ఎవరైనా నోరారా నవ్వితే చాలు, ఆ ఊరి నీళ్ల సంగతి బయటపడుతుంది. బడిపిల్లల పళ్ల మీద సున్నపు మచ్చలు, గోధుమరంగు చారలు. వాళ్ల అమ్మానాయనల పళ్లయితే తుప్పు పట్టిన రేకు రంగు. అందుకే అక్కడి ఆడపిల్లలు నవ్వొచ్చినప్పుడు కొంగో చున్నీయో నోటికి అడ్డం పెట్టుకుంటారు. మగపిల్లలు ఫోటోల్లో మూతి బిగించుకుని, ఎవరితోనో కొట్లాడి వచ్చినట్టు నిలబడతారు. బత్తలపల్లె సంతలో పళ్లు చూసి ఏ ఊరి మనిషో చెప్పేవాళ్లున్నారు.

ఆ ఊళ్లో కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వేది చెన్నమ్మ ఒక్కతే. యాభై దాటిన మనిషి. ఉపాధి పనికి పోయే ఆడవాళ్ల గుంపుకు ఆమే పెద్ద. ఆమె నవ్వితే పక్కవీధిలో మేకలు తలెత్తుతాయి. గ్రామసభలో మైకు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆమెకు ఒకటే, మైకు అక్కర్లేని గొంతు అది. నడుముకు వక్కాకు తిత్తి, బుగ్గలో వక్కాకు, మాటకు ముందొకసారి వెనకొకసారి తుపుక్కున ఉమ్మడం. ఎంత పెద్ద అధికారి వచ్చినా ‘మీరు’ అనడానికి ఆమె నాలుక తిరగదు. అది అగౌరవమేమీ కాదు. ఆమె దేవుణ్ణి కూడా నువ్వనే అంటుంది.

ఆ ఊరి బోరునీళ్లలో ఫ్లోరైడు ఉందని చదువుకున్న వాళ్లంతా చెబుతారు. చెప్పి, తమ సీసాలో నీళ్లు తాము తాగి వెళ్లిపోతారు. ఏటి నీళ్లు తెచ్చే పైపు చుట్టుపక్కల ఊళ్లకు వచ్చింది కానీ ఈ ఊరికి రాలేదు. ఎందుకంటే పరీక్షలో ఇక్కడి నీళ్లు మంచివని తేలింది. అదీ ఒక ముచ్చటే. వానలు వెలిసిన రోజుల్లో పరీక్షకు నీళ్లు పట్టుకుపోవడానికి వచ్చిన మనిషి ఎండకు ఓర్వలేక ఊరి మొదట్లో ఉన్న తోటబోరు దగ్గరే సీసా నింపుకుని వెనక్కి తిరిగాడు. ఆ బోరు నీళ్లు మంచివే. కాకపోతే వానలు పడిన నాలుగు రోజులు తప్ప అది గాలే వదులుతుంది. ఊరంతా తాగేది బడి దగ్గరి బోరింగు నీళ్లు.

ఈ సంగతే చెన్నమ్మ వేసవిలో జరిగిన గ్రామసభలో నిలదీసింది. వచ్చిన నీళ్ల ఇంజనీరు లక్ష్మీపతి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టిపోసి ఊరుకోవచ్చు. నెమ్మదిగా మాట్లాడే మనిషి, తలనొప్పి తెచ్చే పని అంటేనే భయం. పైవాళ్లు తేల్చిన దాన్ని మళ్లీ తిరగదోడటం ఆయనకు ఇష్టం లేదు. పళ్లు ఎర్రబడటానికి నీళ్లే కారణం కానక్కర్లేదని, వక్కాకు, టీ, సరిగ్గా తోమకపోవడం లాంటివి కూడా ఉంటాయని చెప్పుకొచ్చాడు. చెప్పి, ఎదురుగా నిలబడ్డ చెన్నమ్మ వైపు చేయి చూపించాడు.

“ఇంత దూరం ఎందుకమ్మా, నీ నోరే చెప్తాంది గదా.”

అప్పుడే ఉమ్మి వచ్చిన చెన్నమ్మ నోరు పండుమిరపకాయలా ఎర్రగా ఉంది. జనం గొల్లుమన్నారు. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆమె వదిన గంగక్క. తన పళ్లు కూడా అదే రంగని గంగక్కకు ఆ క్షణాన గుర్తు లేదు.

ఆ తర్వాత ఎవరో దయగల వాళ్లు బడికి వచ్చి పిల్లలకు బ్రష్షులు, పేస్టు పంచి, పైకీ కిందికీ ఎలా తోమాలో చూపించి, పాట పాడించి పోయారు. పిల్లలు సరదాగా తోముకున్నారు. నోరు పుక్కిలించడానికి మళ్లీ అదే బోరింగు నీళ్లు. ఈ దేశంలో బీదవాడి రోగానికి కారణం వెతకాల్సి వస్తే ముందు వాడి అలవాట్ల దగ్గరే వెతుకుతారు. అక్కడ ఖర్చు తక్కువ.

వానకు ముందు వేరుశనగ విత్తనానికి చెనిక్కాయలు వలిచే రోజులవి. వేళ్లు నొప్పి పుడితే కాయను పంటికింద పెట్టి చిట్లించడం ఆ ఊరి ఆడవాళ్లకు మామూలే. చెన్నమ్మ అలా చిట్లించబోయిన ఒక కాయ మొండికేసింది, పన్ను మెత్తబడింది. ముందుపన్ను సగానికి విరిగి గింజలతో పాటు చాటలో పడింది. నీళ్లు గుల్ల చేసిన పళ్లు అంతే, చూడ్డానికి రాయిలా ఉంటాయి, విరగడానికి వంక కోసం కాచుకుని ఉంటాయి.

బత్తలపల్లెలో పళ్ల డాక్టరు సుజాత మిగిలిన ముక్కకు మందు పెట్టి, పైన తాత్కాలికంగా ఒక తొడుగు బిగించింది. చిగురు వాపు తగ్గడానికి నెల పడుతుందని, ఆ తర్వాతే అసలు పన్ను పెడతానని, అంతవరకు ఈ టెంపరరీ పన్నును జాగ్రత్తగా చూసుకోమని, వక్కాకు మాత్రం మానమని చెప్పింది. చెన్నమ్మ అద్దంలో చూసుకుంది. తెల్లగా, నున్నగా, కొత్త గిన్నె అంచులా మెరుస్తోంది ఆ పన్ను.

ఊళ్లో దిగగానే గంగక్క ఎదురొచ్చి చాలాసేపు ఆ నోట్లోకి చూసింది.

“ఇల్లంతా మట్టిగోడలు, ఒక్క తలుపుకు మాత్రం పెయింటు ఏయించుకొచ్చినావేమే.”

మామూలుగా అయితే చెన్నమ్మ దీనికి రెండింతలు తిరిగిచ్చేది. ఆ రోజు ఇవ్వలేదు. ఆమెకు వేరే ఆలోచన మొదలైంది. ఈ పన్ను తన నోట్లోనే ఉంటుంది, కానీ ఊరి నీళ్లు తాగి పుట్టింది కాదు. తను తినేదే తింటుంది, తాగేదే తాగుతుంది. ఇది తెల్లగానే ఉంటే తిండిదీ తోమడానిదీ తప్పు కాదని తేలినట్టే కదా.

ఆ వారంలోనే లక్ష్మీపతి జీపు పక్క ఊరికి పోతూ దారిలో కనిపించింది. చెన్నమ్మ అడ్డం నిలబడి, కిటికీలో తల పెట్టి, పన్ను చూపించింది.

“సారూ, ఈ పన్ను మా ఊర్లో పుట్టింది కాదు, బత్తలపల్లెలో పుట్టింది. ఈరోజుతో వక్కాకు ఇడ్సిపెట్టినా. నెల పొయినాక నువ్వు వచ్చి చూడు. ఇది గూడా ఎర్రబడింటే నేను నీ ముందర మళ్లా నోరెత్తను. తెల్లగుంటే మాత్రం బడికాడి బోరింగులో నీ చేత్తోనే సీసా పట్టుకోని పోవల్ల.”

ఎండకు జీపులో ఉడికిపోతున్న లక్ష్మీపతి నవ్వి, సరేనమ్మా అన్నాడు. సరే అంటే జీపు కదులుతుందని ఆయన లెక్క. చెన్నమ్మకు మాత్రం అది మాట.

ఇక అప్పట్నుంచి ఆ పన్ను చెన్నమ్మది కాకుండా పోయింది. ఊరిదైపోయింది. వక్కాకు కొట్టు ఆదెన్న ఆమె దూరంగా వస్తుంటేనే ఆకుల మీద తడిగుడ్డ కప్పేసేవాడు. గంగక్క పప్పులో పసుపు మానేసి తెల్లటి పప్పు పోసింది. హోటల్లో టీ అడిగితే పాలు ఇచ్చారు. ఊరిబిండి పచ్చడిలో మిరపకాయలు తగ్గించారని తెలిసిన రోజు చెన్నమ్మ కంచం పక్కకు తోసింది. ఉపాధి పనిలో ప్రతి పూటా ఎవరో ఒకరు, ఏదీ ఒకసారి చూపియ్ అనడం, ఆమె పార పక్కన పెట్టి పెదవి ఎత్తడం. కొత్త కోడలిని కూడా ఆ ఊళ్లో ఇంత పరీక్షగా చూసి ఉండరు.

వక్కాకు లేని నోటితో చెన్నమ్మ పడ్డ పాట్లు ఆమెకే తెలుసు. ఎండు కొబ్బరి నమిలింది, చింతగింజ చప్పరించింది, చివరికి తిత్తి తాడు నమిలింది. ఊరకే చిరాకు పడేది. గుంపులో ఎవరు పార సరిగ్గా వేయకపోయినా వాళ్ల ముత్తాతల వరకు పోయేది. అయినా వక్కాకు మాత్రం ముట్టలేదు.

అన్నిటికన్నా ఎక్కువగా ఆమె చేసింది తోమడం. ‘సరిగ్గా తోమకపోవడం’ అన్న ఇంజనీరు మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుని ఉంది. బ్రష్షు, పేస్టు ఆమె లెక్కలో తోమడం కానే కాదు, పసిపిల్లల ఆట. ఇత్తడి చెంబు తళతళలాడాలంటే ఏం చేస్తారో పంటికీ అదే చేయాలి. పొద్దున ఇటికెపొడి, ఉప్పు. సాయంత్రం ఇటికెపొడి, కొబ్బరిపీచు. బడి గోడ పక్కన గొంతుక్కూర్చుని, ఊరికంతటికీ కనబడేలా, చెవులదాకా కండరాలు కదిలేలా ఆ ఒక్క పన్నునే రుద్దేది.

మొదట మెరుపు పోయింది. ఆమె పట్టించుకోలేదు. తర్వాత చిగురు దగ్గర సన్నగా పసుపు గీత కనిపించింది. ఇంకాస్త గట్టిగా రుద్దింది. గీత పాకింది. ఇంకా గట్టిగా రుద్దింది. నెల దగ్గరపడేసరికి ఆ పన్ను పాత గడ్డి రంగు దాటి, బెల్లం రంగులోకి తిరిగింది.

గంగక్క అది చూసింది. తర్వాత బోరింగు దగ్గర ఎవరితోనో, మా చెన్నమ్మ యాడో చాటుగా ఏస్తాండాదిలే, ఎన్నేండ్ల అలవాటు, ఏం చేస్తాది పాపం అందట. ఆదెన్న తన కొట్టులో అమ్మలేదని అందరి ముందూ తలమీద చేయి పెట్టి చెప్పాడు. అయితే బస్సెక్కి బత్తలపల్లె పోయి తిని వస్తోందని తేల్చారు. పని దగ్గర ఇప్పుడు ఎవరూ పన్ను చూపించమనలేదు. మర్యాదగా ముఖం తిప్పుకునేవాళ్లు.

తిట్టినా పడే మనిషి, నవ్వినా పడే మనిషి చెన్నమ్మ. తన మాటను మాత్రం ఎవరూ ఎప్పుడూ అనుమానించింది లేదు. గుంపులో ఎవరి పని ఎంతో ఆమె చెబితే అదే ఖాయం. ఇప్పుడు అదే గుంపు ఆమె వీపు వెనక జాలిపడుతోంది. పైగా ఇంజనీరు రావాల్సిన రోజు వచ్చేస్తోంది. పన్ను తెల్లగా లేకపోతే సీసా నిండదు. సీసా నిండకపోతే పిల్లల పళ్లకు కారణం వాళ్ల తోముడే అని మరో పదేళ్లు నిలిచిపోతుంది. దానికి తనే సాక్ష్యం ఇచ్చినట్టు అవుతుంది.

తెల్లారి బస్సెక్కి సుజాత దగ్గరికి పోయి నోరు తెరిచింది. డాక్టరమ్మ చూసీ చూడగానే అడిగింది, వక్కాకు మానలేదా అని.

చెన్నమ్మ కుర్చీ దిగి చెప్పులు వేసుకుంది. “నువ్వు గూడా అదే అంటే ఇంగ నాకు ఈడ పనేముండాది తల్లీ.”

సుజాత ఆమెను బతిమాలి కూర్చోబెట్టింది. తొడుగు ఊడదీసి, దీపం కింద పెట్టి, గోటితో గీకి చూసింది. గోరు జరగకుండా అక్కడక్కడా తట్టుకుంటోంది. దేనితో తోముతున్నావని అడిగింది. చెన్నమ్మ గర్వంగా చెప్పింది. ఇటికెపొడి అన్న మాటకు సుజాత కళ్లు మూసుకుంది. కొబ్బరిపీచు అన్నాక నవ్వాపుకోలేకపోయింది.

“చెన్నమ్మా, దీని నునుపే దీనికి కాపలా. ఆ నునుపంతా నువ్వే గీకి పారేసినావు. గీతల్లో టీ, చారు, మిరప్పొడి అన్నీ కూర్చుంటాయి. ఎట్లాగూ ఇది టెంపరరీదే, ఎక్కువ రోజులుంటే కాస్త రంగు తాగుతుంది. నువ్వు తలుపులు తీసి రమ్మని పిలిచినావు.”

అంటే తాను తోమడం వల్లే పన్ను పాడైంది. తోమరు అన్న మాటను అబద్ధం చేయబోయి ఇంత పని చేసుకుంది. చెన్నమ్మ ఇంజనీరును ఒక తిట్టు, తనను ఒక తిట్టు తిట్టుకుని, ఇప్పుడేం చేయాలని అడిగింది. పెద్ద పనేం కాదని, నునుపు చేస్తే రంగు పోతుందని సుజాత ఆ పన్నును తిరిగే చక్రానికి ఆనించింది. తడి పొడి చిమ్మింది. చక్రం తాకిన మేర బెల్లం రంగు కరిగి కింద నుంచి తెల్లదనం బయటికి వచ్చింది. చెన్నమ్మ గబుక్కున డాక్టరమ్మ చేయి పట్టుకుంది.

ఆ చక్రం తన సొంత పంటికి పెట్టమంది.

సుజాత ఆమె నోట్లో పక్కపన్నుకు మెత్తటి చిన్న చక్రం, పేస్టు పట్టించి చాలాసేపు తిప్పింది. గార పోయింది, వక్కాకు ఎరుపు పోయింది. కడిగి అద్దం చూపిస్తే కింద గోధుమరంగు చారలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇది పైనుంచి పట్టింది కాదని, చిన్నప్పుడు చిగురులోపల పన్ను తయారవుతున్న వయసులోనే నీళ్లతో పోయి కూర్చుందని, ఎంత తోమినా పోదని సుజాత చెప్పింది. చెన్నమ్మకు ఈ మాటలు కొత్త కాదు. కంటితో చూడటం మాత్రం అదే మొదటిసారి.

తొడుగు మిగతా సగం కూడా తెల్లగా చేయడానికి సుజాత చక్రం తిప్పబోతే వద్దంది. సగం అట్లే ఉండనీ అంది. సుజాతకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక తల పట్టుకుంది. తన దగ్గర పన్ను కట్టించుకున్న మనిషి సగం తెల్లగా సగం ఎర్రగా బస్సులో పోతే ఇంక తన దగ్గరికి ఎవరొస్తారంది. చాలా వాదన జరిగింది. చెన్నమ్మతో వాదించి గెలిచిన వాళ్లు ఆ మండలంలో తక్కువ.

“పెడతాను. ఎవురు కట్టినారని అడిగితే నా పేరు చెప్పొద్దు, అంతే,” అంది సుజాత చివరికి.

ఇంజనీరు మాటకు కట్టుబడి వచ్చాడని చెప్పలేం. పక్క ఊరి పైపు పని చూసుకోవడానికి ఆ దారినే వచ్చి, బడి దగ్గర గుమిగూడిన జనాన్ని చూసి ఆగాడు. ఆగాక గుర్తొచ్చింది. చెన్నమ్మ ముందుకొచ్చి పెదవి ఎత్తింది. గంగక్కతో సహా ఊరంతా ఆ సగం పన్నును చూడటం అదే మొదలు. ముందురోజు బస్సు దిగినప్పటినుంచి ఆమె జీవితంలో మొదటిసారి కొంగు అడ్డం పెట్టుకుని తిరిగింది మరి.

లక్ష్మీపతి వంగి చూశాడు. ఇబ్బందిగా నవ్వి, ఎర్రబడింది గదమ్మా అన్నాడు.

“ఎర్రబడింది సారూ. పందెం నేను ఓడిపోయినా,” అంది చెన్నమ్మ. జనంలో కదలిక. ఆమె నోట ఓడిపోయినా అన్న మాట ఎవరూ విని ఉండలేదు. “వక్కాకుతో కాదు, ఇటికెపొడితో గీకి గీకి నేనే చెడగొట్టుకున్నా. ఓడిపోయినా గాబట్టి నోరు మూసుకుంటా. మూసుకునే ముందర ఒక్క మాట ఇను. ఈ తెల్లసగం డాక్టరమ్మ చక్రం పెడితే వచ్చింది. పైన పట్టింది గాబట్టి పోయింది. అదే చక్రం ఈ పక్క నా సొంత పంటికీ పెట్టిచ్చినా. పోలేదు, చూడు.” బడి అరుగు మీద వరుసగా కూర్చున్న రెండో తరగతి పిల్లల వైపు చూపించింది. చారల పళ్లతో వాళ్లు ఆసక్తిగా చూస్తున్నారు. “డాక్టరమ్మ చక్రానికే పోనిది ఆ బిడ్డల బ్రష్షుకు యట్ల పోతాది సారూ?”

అంతే. పెదవులు బిగించేసింది. నడిచి వెళ్లి బోరింగు కొట్టే కట్టె పట్టుకుని నిలబడింది.

లక్ష్మీపతి మొదట ఏదో సర్దిచెప్పబోయాడు. పై ఆఫీసు, పాత పరీక్ష, తన చేతిలో ఏముంది అన్నాడు. చెన్నమ్మ పలకలేదు. ఎదురు మాట రాకపోతే ఆయనకు మాట్లాడటం కష్టమైంది. నువ్వే చెప్పమ్మా అన్నాడు. పలకలేదు. గంగక్క ముందుకొచ్చి, ఆమె ఇంగ పలకదు సారూ, మాటంటే మాటే మా చెన్నమ్మకి అంది. అని, పోయి చెన్నమ్మ పక్కనే నిలబడింది. అదే బోరింగు దగ్గర తను అన్న మాట గుర్తొచ్చి ఉంటుంది.

ఊరంతా కూడా అలాగే నిలబడిపోయింది. చెన్నమ్మ నోరు మూసుకున్న గుట్టకిందపల్లె అంత నిశ్శబ్దంగా ఉంటుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఇంజనీరు కాసేపు పిల్లల నోళ్లలోకి చూశాడు. ఒక పాప ఆయనను చూసి నవ్వి, వెంటనే అరచేత్తో నోరు మూసుకుంది. ఆయన జీపు దగ్గరికి పోయి, డ్రైవరును పిలవకుండా తనే పరీక్షసీసా తెచ్చుకున్నాడు. చెన్నమ్మ కట్టె కొట్టింది. కిర్రుకిర్రుమని బోరింగు మూలిగి నీళ్లు వదిలింది. ఆయన ప్యాంటు తడుపుకుంటూ సీసా నింపి, మూత బిగించాడు.

జీపు ఊరి పొలిమేర రాయి దాటేదాకా చెన్నమ్మ అక్కడే నిలబడింది. దాటాక అందరూ ఆమె నోటివంకే చూశారు.

“ఏమప్పా ఆదెన్నా,” అంది, “ఆకుల మీద గుడ్డ తీసేది ఏమన్నా ఉండాదా లేదా?”

ఆదెన్న ఆకు, వక్క, సున్నం తనే చుట్టి తెచ్చి చేతికిచ్చాడు. ఆమె దాన్ని తెల్లసగానికి దూరంగా ఎడమ బుగ్గకు నెట్టుకుంది. పైపు వచ్చేదాకా తెల్లసగం తెల్లగానే ఉండాలంది. వక్కాకు రసానికి నోట్లో సరిహద్దులు తెలియవని గంగక్క అంటే, నేర్పిస్తాలేమే అంది.

బోరింగు నీళ్లు మంచివి కావని పరీక్షలో తేలింది. పైపుకు కొలతలు తీసుకున్నారు, సున్నంతో గీత గీసి పోయారు. గీత మీద ఇప్పటికి రెండు వానలు పడ్డాయి. పైపు ఇంకా రాలేదు, అంతవరకని పంపిన సర్కారు ట్యాంకరే నీళ్లు పోసి పోతోంది. చెన్నమ్మ అసలు పన్ను బత్తలపల్లెలో సుజాత బల్లసొరుగులో, డబ్బాలో, తెల్లగా కూర్చుని ఉంది. డాక్టరమ్మ ఫోను చేసి, నెల రోజుల పన్నుతో ఎన్నాళ్లుంటావమ్మా, విరిగిపోతుంది రా అని కోప్పడుతుంది. చెన్నమ్మ ఎడమ బుగ్గతో నములుతూనే, సర్కారు ట్యాంకరు గూడా టెంపరరీ అనే వచ్చింది తల్లీ, రెండూ కలిసే పోనీలే అంటుంది.